ఎర్ర జామకు మెత్తని గింజ

ఎర్ర జామ కోస్తే కన్ను లాగేస్తుంది, కొరికితే గింజ పంటికింద పడి ఆ మోజు సగం తీరిపోతుంది. ఎర్ర గుజ్జుకూ మెత్తని గింజకూ అసలు పొసగదని చాలామంది తేల్చేస్తారు. పొసగకపోవడం కాదు, అవి కలిసే అవకాశం తక్కువ. జామలో ఎరుపు బహిర్గత లక్షణం (జతలో ఒక్కటున్నా పైకి కనబడేది), తెలుపు అంతర్గతం (దాని చాటున దాగేది). గట్టి గింజ బహిర్గతం, మెత్తనిది అంతర్గతం. అంతవరకైతే చిక్కే లేదు. ఎర్ర గట్టిగింజ రకాన్ని తెల్ల మెత్తగింజ రకంతో సంకరం చేస్తే రెండో తరంలో పదహారింట మూడు మొక్కలు మనం కోరినవే రావాలి. అయితే ఎరుపు, గట్టి గింజ జన్యువులు కాడికి కట్టిన ఎడ్లలా కలిసే నడుస్తాయని మన దేశంలో చేసిన సంకరాల్లో తేలింది. ఆ జత పదింట ఒక్కసారే విడుతుందనుకుని లెక్కేస్తే, వంద మొక్కల్లో కోరినవి ఐదుకు మించవు. ఆ ఐదింటిలోనే తీపి, సైజు, కాపు కూడా కుదరాలి. యాభై మొక్కలు పెంచి ‘రాలేదు’ అనేస్తే అది జామ తప్పా, మన పొదుపు తప్పా?

తెలుపు వైపు పని ఎంత సులువో సంగారెడ్డి చూపింది. అక్కడి పరిశోధన స్థానం కోహీర్ జామను అలహాబాద్ సఫేదాతో కలిపి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా తీసింది. రెండు వైపులా తెల్ల గుజ్జే కనుక రంగు బెంగ లేదు. అంతర్గత లక్షణం పైకి కనబడిందంటే లోపల మరొకటి దాగి లేనట్టే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అలహాబాద్ సఫేదా గింజ మొక్కల్లోంచే మెత్తగింజల అర్క మృదులను ఏరింది. అదే సంస్థ కంసరి, పర్పుల్ లోకల్ రకాలను కలిపి తీసిన అర్క కిరణ్‌లో గుజ్జు ముదురు ఎరుపు, గింజ ఓ మాదిరి మెత్తన. ఎరుపున్నచోట గింజ బండగానే ఉండి తీరాలన్న నియమం లేదని చెప్పడానికి ఇదొక్కటే చాలు.

ఇంత తంటా ఎందుకు, గింజే లేని జామ ఉంది కదా అనవచ్చు. ఉంది. మామూలు జామకు 22 క్రోమోజోములైతే గింజలేని త్రయస్థితిక రకానికి 33. కాపు తక్కువ, కాయ వంకర. రైతు దాన్ని నమ్ముకుని బతకలేడు. ఇక గింజ మెత్తదనం ఒక్క జన్యువుతో తేలేది కాదు, గింజల సంఖ్య, పరిమాణం కూడా చూడాలన్న అభ్యంతరం సబబే. కానీ అది ఇంకా ఎక్కువ మొక్కలు పెంచమనే చెబుతుంది.

తీరా ఎర్ర మెత్తగింజ చెట్టు దొరికినా దాని గింజ నాటకూడదు. అలాంటి చెట్లలో దాదాపు అన్నిటా తెలుపు దాగి ఉంటుంది. సొంత పుప్పొడితోనే కట్టిన గింజల్లోనూ నాలుగో వంతు తెల్లగా కాస్తాయి, పక్క చెట్ల పుప్పొడి పడితే గింజ మెత్తదనమూ పోవచ్చు. నర్సరీలో ఎర్ర జామ కొనేటప్పుడు గింజ మొక్కా, అంటు మొక్కా అని ముందే అడగండి. అంటు కాదంటే తీసుకోవద్దు.