జేబులోని పాత ఆటలు: బరువెంత, చక్కెర ఎంత?

చెరకును తూచే పద్ధతులు రెండున్నవని బోధను ప్రాంతపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కాటా మీద తేలేది బరువు. నలిపిన తరువాత రసములో తేలేది చక్కెర. నూరు కిలోల చెరకు నుండి చేతికి వచ్చే చక్కెర సాధారణముగా పది కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. దీనినే రికవరీ అంటారు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది గాని, ఆ లెక్క మాత్రము పనికిరాకుండా పోలేదు. ఇక్కడ అదే లెక్కతో మరొక సరకును పరీక్షిద్దాము. నిజామాబాదు బజారులో గాని ఆన్‌లైనులో గాని కొని పిల్లలు జేబులో వేసుకొని తిరిగే, పాత వీడియో ఆటలు ఆడించే యంత్రమే ఆ సరకు.

వీనిలో చౌక రకపు పెట్టె మీద “400 ఆటలు” అని పెద్ద అక్షరములతో ఉంటుంది. ఇది కాటా బరువు. వెనుకటి తరము పిల్లలు ఆడిన “బ్రిక్ గేము” మీద 9999 అని ఉండేది. ఒక ఆటకు పది వేగములు, పది స్థాయిలు పెట్టి, ఒక్కొక్క జతను వేరే ఆటగా లెక్కించినారనుకోండి, ఒకటే నూరవుతుంది. అంకెలు పెంచే విద్య ఇంత సులభము. నా చేతికి వచ్చిన 400 రకములోను ఇదే పోకడ. ఒకే ఆట రంగు మార్చుకొని మరొక పేరుతో వస్తుంది. ఇంకొకచోట మూడవ అంకము నుండి మొదలై కొత్త ఆటగా చలామణి అవుతుంది. తండ్రి డబ్బు పెట్టినది అంకెకు. పిల్లవానికి దక్కినది పిప్పి.

అయితే పిప్పిలో చక్కెర లేదని తీర్పు చెప్పరాదు. ఈ రకపు యంత్రములలో సాధారణముగా ఉండేది 1983లో జపానులో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫామికామ్ యంత్రమునకు నకలు. అసలు యంత్రమునకు పనిచేసే మెమరీ కేవలము 2 కిలోబైట్లు. 1985లో వచ్చిన “సూపర్ మారియో బ్రదర్స్” ఆట మొత్తము 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఇంత ఇరుకులో అంత ప్రపంచమును ఎట్లు ఇమిడ్చినారు? ఆ ఆటలోని మేఘమును, నేలమీది పొదను పక్కపక్కన పెట్టి చూడండి: రెండును ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. ఇక్కడ రంగు మార్చినది కొనేవానిని మోసగించుటకు కాదు, చోటు మిగుల్చుటకు. ఒకే ఉపాయము ఒకచోట పొదుపు, మరొకచోట టక్కరితనము.

పొదుపు ఎంత దూరము పోగలదో చూపినవాడు గుంపే యోకోయి. పాతబడి, లోటుపాట్లన్నీ తెలిసి, చౌకైపోయిన సాంకేతిక విద్యనే కొత్త పనికి వాడవలెనన్నది ఆయన సూత్రము. 1989లో ఆయన బృందము తెచ్చిన గేమ్ బాయ్ తెరకు రంగులు లేవు, వెనుక దీపము లేదు. నాలుగు ఛాయలు మాత్రమే. మరుసటి సంవత్సరము సెగా సంస్థ రంగుల తెరతో, దీపముతో గేమ్ గియర్‌ను తెచ్చినది. అది ఆరు పెన్సిల్ సెల్లులను నాలుగైదు గంటలలో మింగివేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతోనే పది గంటలకు మించి నడిచేది. బజారులో గెలిచినది గేమ్ బాయే.

ఇక ఖరీదైన రెండవ రకము. దీనిలో పాత చిప్పుకు నకలు ఉండదు. ఎమ్యులేటరు అనే ప్రోగ్రాము ఉంటుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినిపించే బోధను బజారులో దుభాషి పని ఎట్టిదో తెలిసినదే. ఎమ్యులేటరు అట్టి దుభాషి. పాత యంత్రము కొరకు వ్రాసిన ఆజ్ఞలను కొత్త చిప్పుకు అర్థమగునట్లు అప్పటికప్పుడు మార్చి చెప్పుతుంది. ప్రతి మాటను మార్చవలెను గనుక, అసలుకన్న ఎంతో వేగము గల చిప్పు కావలెను.

దుభాషి నమ్మకస్థుడా కాడా అన్నది తెర మీద తేలుతుంది. గేమ్ బాయ్ బొమ్మ అడ్డముగా 160 చుక్కలు, నిలువుగా 144. దీనిని 640, 480 చుక్కల తెరపై సరిగా మూడింతలు చేస్తే 480, 432 అవుతుంది. చుట్టూ నల్లని అంచు మిగులును గాని బొమ్మ చెడదు. తెర నిండా సాగదీస్తే కొన్ని చుక్కలు లావై, కొన్ని సన్నమై, అక్షరములు వంకరపోతాయి. కొనేవారు ముందుగా ఈ పరీక్ష చేయించుకొనుట మంచిది.

రెండు రకములకును ఉమ్మడిగా ఒక పెద్ద దోషమున్నది. ఆటను చేసినవారి పేరు పలుచోట్ల కనబడదు. మారియో వెనుక షిగెరు మియమోతో, తకాషి తెజుకా ఉన్నారనీ, పడే ఇటుకల ఆట “టెట్రిస్”ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ రూపొందించినాడనీ ఆడే పిల్లవానికి తెలియదు. ఆట పాతదైనంతమాత్రమున హక్కు తీరిపోదు. మన 1957 నాటి కాపీరైటు చట్టము కింద నేడు కంప్యూటరు ప్రోగ్రాములును రచనలే. అనుమతి లేకుండా వేలకొలది ఆటలు నింపి అమ్మడము రచయిత పేరు చింపి పుస్తకము అమ్మినట్లే. నష్టము రచయితలతో ఆగదు. చేసినవాడు కనబడనప్పుడు, ఇది మనుష్యులు చేసినది, నేనును చేయవచ్చును అన్న ఆలోచన పిల్లవానికి పుట్టదు.

కాబట్టి నా తీర్పు ఇది. 400 రకములో బయటినుండి ఏదియు చేర్చుటకు వీలులేకున్న, అది ఆటబొమ్మ మాత్రమే. పాత నోకియా ఫోను రకపు బ్యాటరీ ఉన్న యంత్రమైతే, బ్యాటరీ పోయినప్పుడు మార్చుకొనవచ్చును. అది ఒక గుణము. రెండవ రకములో మెమరీ కార్డు తలుపు ఉన్నది. జీబీ స్టూడియో వంటి ఉచిత సాధనముతో గేమ్ బాయ్ ఆటను స్వయముగా కూర్చి, ఆ కార్డులో వేసి ఆడవచ్చును. నిజామాబాదులో ఒక కంప్యూటరున్న పాఠశాలకు ఇది చాలును. నాలుగు ఛాయలతో, కొద్ది కిలోబైట్లతో, చెరకు బండిని కాటాకు చేర్చే చిన్న ఆటను ఎనిమిదవ తరగతి బాలిక చేసినదనుకోండి. పెట్టె మీది నాలుగువందలకన్న ఆ ఒక్కటే ఎక్కువ.

యంత్రము కొనేటప్పుడు ఎన్ని ఆటలున్నవని అడుగుట మానుదాము. మన పిల్లల ఆట ఒకటి ఇందులో పట్టునా అని అడుగుదాము. రికవరీ తేలేది అక్కడనే.