నల్లిని గూర్చిన చాటుపద్యము – ఒక పరిశీలనము

తెలుగువారి చాటుపద్యములలో దేవతలను గృహస్థుల కష్టములలోనికి దించి నవ్వించునవి పెక్కు కలవు. వానిలో నల్లిని గూర్చిన కందపద్యమొకటి చదువురాని వారి నోటను సైతము నిలిచియున్నది. శివుడు కొండను చేరుటకును, సూర్యచంద్రులు ఆకసమున తిరుగుటకును, విష్ణువు పాము నాశ్రయించుటకును కారణమొక్కటే, అది నల్లుల పోరు సహింపలేకపోవుట యని దాని భావము. విన్నవారు నవ్వి విడుచుటయే కాని, విమర్శకు దీనిని తగినదిగా నెంచువారు అరుదు. నేనును చాలకాలము అట్లే విడిచితిని. మూడేండ్ల క్రిందట హోసూరులో మేమున్న అద్దెయింట నల్లులు చేరి ఆఱు నెలలు పోనందున, ఈ పద్యమును మరల మరల తలచుకొనవలసి వచ్చినది.

ఇట్టి భావము గల సంస్కృత శ్లోకమొకటి కలదు. అందు లక్ష్మి తామరపూవునందును, హరుడు హిమాలయమునందును, హరి పాలకడలియందును పరుండుట మత్కుణభయము చేతనే కాబోలునని కవి యూహించును. లేని కారణమును కల్పించి చెప్పుట హేతూత్ప్రేక్ష. రెండు పద్యములకును అలంకారమిదియే. కాని రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలుగుకవి చూపు వేఱని తెలియగలదు. తెలుగున లక్ష్మి లేదు, సూర్యచంద్రులు కలరు. ఈ భేదము స్వల్పము కాదు. నల్లికి కావలసినది సందు. దాని శరీరము అట్టముక్కవలె పలుచన. గోరు దూరని చోట అది దూరును. పగలెల్ల అందే దాగి రాత్రి వెలువడును. తామరపూవో, ఱేకుల నడుమ సందులు గలది! నల్లికి వెఱచి పాఱిపోవువారు పోవలసిన చోటు అది కానేకాదు. సంస్కృతకవి ఈ విషయమును తలపోసినట్లు కానరాదు. తెలుగుకవి చెప్పిన మూడుచోట్లను చూడుడు. కొండఱాతిపై మంచము లేదు. ఆకసమున పఱుపు లేదు. శేషుని మేను నునుపైనది, దానికి కోళ్లు లేవు, పట్టెలు లేవు, నులక లేదు. నులకమంచముపై రాత్రులు గడపినవాడే ఈ పద్యమును చెప్పియుండునని నా నమ్మకము.

సూర్యచంద్రులను తెచ్చుటలో మఱియొక చమత్కారము కూడ నాకు తోచుచున్నది. తక్కిన దేవతలు చోటు మార్చుకొని నిద్రించుచున్నారు. ఈ యిద్దఱికి నిద్రయే లేదు. ఒకడు పగలు, ఒకడు రాత్రి తిరుగుచునే యుండవలెను. నల్లులున్న యింట దీపము చేతబట్టి రాత్రియెల్ల వెదకువా రెవరో, పగలు కునికిపాట్లు పడువా రెవరో అనుభవించినవారికి చెప్పనక్కఱలేదు.

మఱియొక భేదము. శ్లోకమున ‘శంక’ యను మాట యున్నది. పద్యమున ‘బాధ’ యని యున్నది. శంక దూరమున నున్నవానిది, బాధ మంచముపై నున్నవానిది. శ్లోకకర్త తాను ఊహించుచున్నానని ముందే చెప్పి తప్పుకొనెను. తెలుగుకవి ఎదుటివాని భుజముపై చేయివేసి, ఇది నిజము సుమీ యని చెప్పెను. కందము చిన్న ఛందస్సు. కారణమును చివఱి పాదము వఱకు దాచి, తటాలున విప్పుటకు అనువైనది. ఇంతటి దేవతాసమూహమును నడిపించిన మహాకారణము ఏమైయుండునోయని విను వారెదురుచూడగా, గింజంత పురుగు బయటపడును. ఆ దిగజాఱుటలోనే నవ్వున్నది. దేవతలను ఇట్లు తేలికచేయుట ఔచిత్యభంగమని ఆక్షేపించు పెద్దలు కలరు. వారి మాట నాకు సమ్మతము కాదు. దేవతలకును నిద్రపట్టలేదన్నచో చిన్నబోయినది దేవత కాదు; నిద్రపట్టని మనుష్యునికి తోడు దొరకినది.

నల్లిని పాత్రగా చేసిన ప్రసిద్ధ కథ పంచతంత్రమున మిత్రభేదమునందు కలదు. రాజుగారి పఱుపున మందవిసర్పిణి యను పేను కాపురముండగా, అగ్నిముఖుడను నల్లి అతిథియై వచ్చును. రాజు నిద్రించిన పిమ్మట కుట్టుమని పేను చెప్పినను, నల్లి తాళలేక ముందే కుట్టును. భటులు వెదకుసరికి నల్లి మంచపు సందున దూరి బ్రతుకును, పేను చిక్కి చచ్చును. నీతి యెట్లున్నను, పేరులు పెట్టినవాని పరిశీలనను మెచ్చవలెను. మెల్లగా ప్రాకునది మందవిసర్పిణి. బట్టల మడతలలో నుండు పేను అట్టిదే. నల్లి పరుగు వేఱు. చంపబడినది దొరకినదే కాని కుట్టినది కాదు. మా యింట ఆఱు నెలలు జరిగిన విచారణయు ఇట్టిదే. మేము ప్రక్కవాటావారిపై నెపము మోపితిమి. వారు మాపై మోపిరి. ఇంటి యజమాని ఇద్దఱిపై మోపెను. గోడపగుళ్లలోని నల్లులకు మాత్రము ఏ బాధయు లేదు.

ఇక పద్యముతో నాకున్న తగవును చెప్పెదను. కవి పాఱిపోవువారిని గూర్చియే చెప్పెను. కొండయు ఆకసమును లేనివారు ఏమి చేయవలెను? పాఱిపోవుటకు వీలులేని యిల్లాలి పని పద్యమున లేదు. కోళ్ల బెజ్జములలో సలసల కాగిన నీరు పోయుట, పఱుపుల కుట్లు విప్పి చూచుట, దుప్పట్లను వేడినీట నానవైచి ఉతుకుట, గోడసందులను సున్నముతో మూయుట, ఇదియంతయు చేసి వారము తిరుగకముందే మరల మొదలుపెట్టుట. గ్రుడ్లు వారము పదిదినములలో పొదుగును. పిల్ల పెద్దదగుటకు అయిదుమాఱులు కుబుసము విడువవలెను. ప్రతిమాఱును రక్తము కావలెను. పెద్దనల్లి తిండి లేక నెలల తరబడి బ్రతుకగలదు. కావున ఒక్కనాటి శుభ్రముతో తీఱునది కాదిది. ఎండన వేసినంతనే చచ్చునని మనవారి నమ్మకము. ఊరక ఎండన వేసినచో అది నీడవైపునకు జరిగిపోవును. లోపలి సందులకు వేడి బాగుగా తగులవలెను.

నా తప్పొకటి ఇచట ఒప్పుకొనవలెను. నల్లి కాటు అందఱి మేనను ఒకే విధముగా పొంగదు. కొందఱికి గుర్తే పడదు. నా మేన ఏమియు కనబడలేదు. నా భార్య చేతులపై వరుసగా దద్దురులు లేచినవి. “ఏమండీ, మంచములో ఏదో ఉన్నదండీ” యని ఆమె పలుమాఱులు చెప్పినను, వంకాయ పడలేదని, ఉక్కయని, దోమలని మూడు వారములు కొట్టివేసితిని. ఆ యింట శ్లోకమును పద్యమును రెండును ఉండెను. నాది శంక, ఆమెది బాధ. ఆ తరువాతనే పైని చెప్పిన భేదము నా బుద్ధికి తట్టినది.

మందులతో వాని పీడ శాశ్వతముగా తీఱిపోయినదని ఒకప్పుడు తలచిరి. పాల్ ముల్లర్ 1939లో డి.డి.టి. కీటకములను చంపునని కనుగొని 1948లో నోబెల్ బహుమానము పొందెను. మన దేశమున 1953లో ఆరంభమైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమున ఇండ్లలోపల ఆ మందునే చల్లిరి. దోమలకై చల్లినది నల్లులపైనను పడినది. కాని 1940ల చివరనే హవాయి దీవులలో నల్లులు ఆ మందునకు లొంగుట మానినవి. నేడు మన వేడిదేశములలోని జాతి పెక్కు మందులను తట్టుకొనుచున్నది. ధాన్యపు గిడ్డంగులలో వాడు విషపుమాత్రలను నల్లులకై పడకగదులలో ఉంచి ప్రాణములు పోగొట్టుకొన్న కుటుంబములును కలవు. ఎలుకలపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట యనగా ఇదియే.

పాఠశాల మాట కొంచెము చెప్పవలెను. మాది తమిళనాటి తెలుగు పాఠశాల. 2006లో చేసిన చట్టము ననుసరించి తమిళము క్రమముగా అన్ని తరగతులకు తప్పనిసరి యైనది. తెలుగునకు దొరకు గడియలు లెక్కపెట్టదగినవి. ఆ గడియలలో నల్లిపద్యమేల యని సహోపాధ్యాయు లొకరు అడిగిరి. ఈ పద్యమును చెప్పబోయి మొదట నల్లి యనగా ఏమని పిల్లల నడిగితిని. ‘మూట్టైప్పూచ్చి’ యని కొందఱు, ‘తిగణె’ యని కన్నడ వీధులవారు చెప్పిరి. తెలుగుమాట నలుగురైదుగురికే తెలిసినది. మిరపచేను గల యింటి బాలుడొకడు ‘నల్లి’ యనగా ఆకులను ముడుచునట్లు చేయు పురుగని చెప్పెను. అదియు తప్పు కాదు, రైతులు ఆ సూక్ష్మజీవికి ఈ పేరే పెట్టిరి. మంచములోని నల్లి మాట మఱుగై చేనిలోని నల్లి మాట నిలిచియుండుట నాకు వింతగా తోచినది.

పద్యము చదివి అర్థము చెప్పగా తరగతి గొల్లుమన్నది. అప్పటికి కొన్ని దినములుగా ఒక బాలునికి దూరముగా జరిగి తక్కిన పిల్లలు కూర్చుండుచుండిరి. వాని మెడపై ఎఱ్ఱని గుర్తులను నేను చూచియే యుంటిని, కాని ఏమియు అనలేదు. నల్లి ఒకరి నుండి ఒకరికి అంటురోగమును తెచ్చునని ఋజువు కాలేదు. అది మురికి గల యింటికే వచ్చుననుటయు అపోహయే. ఇదంతయు చెప్పి, మా యింటనున్నవి కూడ చెప్పితిని. వాడు తలయెత్తి, “మా యింట్లో కూడా ఉండాయి సార్. మా అవ్వ రోజూ సుడునీళ్లు పోస్తాది” యనెను. వెనుక వరుస నుండి మఱి ఇద్దఱు తమ యిండ్ల సంగతి చెప్పిరి. సుడునీళ్లనుట తమిళపు వాసన గల మాట. వేడినీళ్లనవలెనని ఆనాడు దిద్దుటకు నాకు మనసొప్పలేదు. మఱునాడు వాడు ఆ కందమును గణభంగము లేకుండ ఒప్పచెప్పెను. మూడవ పాదమున మాత్రము ఆగెను; ప్రక్కవాడు అందించెను.