గీత పడితే రక్షణ ఉన్నట్టు కాదు

ఒడిశాలోని రాయగడలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. చేయి చాపి కూర్చున్నవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "కుక్క కరిస్తే టీకా ఉంది కదా సార్, హెచ్‌ఐవీకి ఎప్పుడొస్తుంది?"

జవాబు మా కిట్ మీదే ఉంటుంది. సీరం చుక్క వేసి, బఫర్ వేసి, చెప్పినన్ని నిమిషాలు ఆగుతాం. రెండో గీత పడితే యాంటీబాడీలు ఉన్నట్టు. ఒక్క కిట్‌తో పాజిటివ్ అనం, మూడు వేర్వేరు కిట్లు ఒకే మాట చెప్పాలి. అయితే యాంటీబాడీలు అంతలా ఉండి కూడా ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు. అవి తయారయ్యేసరికి వైరస్ వేషం మార్చేస్తుంది.

మలేరియా సంగతి వేరు. కోరాపుట్ కొండల్లో అది మళ్లీ మళ్లీ సోకి, ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం రానివాళ్లున్నారు. అందుకే 2017లో మొదలైన 'దమన్' మలేరియా శిబిరాల్లో జ్వరం లేనివాళ్లకీ రక్తం చూస్తారు. హెచ్‌ఐవీతో అంత మాత్రం రాజీ కూడా కుదరదు. అది పట్టేదే రోగనిరోధక వ్యవస్థను నడిపించే సీడీ4 కణాలను.

మన దేశంలో తొలి హెచ్‌ఐవీ టీకా పరీక్ష 2005లో పుణెలో, ఆ తర్వాతది చెన్నైలో జరిగాయి. టీకా మాత్రం చేతికి రాలేదు. థాయ్‌లాండ్‌లో 16 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో 31 శాతం రక్షణ కనిపించిందని 2009లో తేలింది. ఆ రక్తనమూనాలను మళ్లీ తిరగేస్తే అసలు విశేషం బయటపడింది: వైరస్ పైతొడుగు మీద వీ1వీ2 అనే చోటును పట్టుకునే యాంటీబాడీలున్నవాళ్లకు వ్యాధి తక్కువగా సోకింది. ఐజీఏ అనే రకం ఎక్కువున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. అదే బాటలో దక్షిణాఫ్రికాలో చేసిన పరీక్షను 2020లో ఆపేశారు. ఒంట్లో స్పందన వచ్చింది, రక్షణ రాలేదు.

ఇలాంటి టీకా పరీక్షల్లో పాల్గొన్న వాలంటీర్ల తిప్పలు ఎవరికీ పట్టవు. వైరస్ లేకున్నా, టీకా వేయించుకున్న పాపానికి మా కిట్ మీద గీత పడొచ్చు. అలాంటప్పుడు వైరస్ జన్యుపదార్థాన్నే వెతకాలి.

ఇప్పుడు శాస్త్రవేత్తలు యాంటీబాడీలను తయారుచేసే బీ కణాల్లో అరుదైనవాటిని ఎంచి, మెట్టుమెట్టుగా మేల్కొలిపే దారి పట్టారు. 2022లో వెలువడ్డ ఫలితాల్లో టీకా వేసిన 36 మందిలో 35 మందికి మొదటి మెట్టు అందింది. నా మటుకు ఇదే సరైన దారి, కానీ ఇంకా చాలా మెట్లున్నాయి.

అందాకా టీకా పేరు చెప్పి పరీక్ష వాయిదా వేయకండి. ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రమైన ఐసీటీసీలో అది ఉచితం, ఫలితం గోప్యం. అనుమానముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.