కాపురాల కోర్టులో బెజవాడ ఆడపడుచు

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసమో గుడివాడ బస్సు కోసమో చంకలో ఫైలు పెట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తే, కోర్టు వాయిదా ఉందేమో అనుకోవచ్చు. జడ్జి అంటే వాళ్లకు హైకోర్టు కాదు, ఎదురుగా కూర్చుని మనోవర్తి ఎంతో తేల్చే మనిషి. ఆ పనిలోనే అమెరికాలో పేరు తెచ్చుకున్నారు విజయవాడలో పుట్టిన జయ బాడిగ.

మచిలీపట్నం మాజీ ఎంపీ బాడిగ రామకృష్ణ గారి అమ్మాయి. హైదరాబాద్‌లో డిగ్రీ, బోస్టన్‌లో ఎంఏ, శాంటా క్లారాలో లా. కుటుంబ కేసుల లాయరుగా ఎదిగి 2022లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ కోర్టులో కమిషనర్ అయ్యారు. 2024 మేలో ఆ రాష్ట్ర గవర్నర్ ఆమెను అదే కోర్టులో జడ్జిగా నియమించారు. కాలిఫోర్నియాలో తొలి తెలుగు మహిళా జడ్జి అని పత్రికలు రాశాయి. ప్రమాణ స్వీకార సభలో ఆమె తెలుగులో పలకరించిన వీడియో ఊరూరా తిరిగింది.

నాకు మాత్రం ఆ వీడియో కన్నా ఆమె పనే గొప్పగా తోస్తుంది. అక్కడి కుటుంబ కోర్టుకు చాలామంది లాయరు లేకుండానే వస్తారు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా అయితే ముందు మధ్యవర్తిత్వం జరగాల్సిందే. అక్కడా తెగకపోతే, బిడ్డకు ఏది మేలో జడ్జే చెప్పాలి. సెలవులకు ఎవరింట్లో, బడికి ఎవరు దింపాలి అన్నదాకా! అంత చిన్న సంగతులు ఓపిగ్గా వినడం పెద్ద తీర్పులు రాయడం కన్నా కష్టం. మన 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం కూడా ముందు రాజీకే ప్రయత్నించమంటుంది.