క్లెమెంటిలో సంఘం షాట్

క్లెమెంటిలో మొదటి పాఠం గాలే చెబుతుంది. ఏసీ గదిలో గంటసేపు కూర్చున్న విలేకరులు ఫోన్లు పట్టుకుని వీధిలోకి రాగానే లెన్సుల మీద ఆవిరి కమ్ముకుంటుంది. తొందరపడి తీసిన విజువల్స్ అన్నీ పాలలో ముంచి తీసినట్టు వస్తాయి. సింగపూర్ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే ఉంది, ఏడాది పొడవునా తేమే. పది నిమిషాలు ఓపిక పడితే ఆవిరి దానంతటదే పోతుంది. ఆ పది నిమిషాలూ ఏమీ తీయకుండా ఊరికే చూడమంటాను. ఈ పనిలో అన్నిటికన్నా ఆలస్యంగా ఒంటబట్టే విద్య అది.

దేశాలు తిరుగుతూ పాత్రికేయులకు వీడియో, డిజిటల్ రిపోర్టింగ్ నేర్పడం నా పని. మోసుకెళ్లే సామాను తక్కువే: రెండు ఫోన్లు, నాలుగు కాలర్ మైకులు, చిన్న ట్రైపాడ్, ఇక్కడి మూడు పలక పిన్నుల సాకెట్‌కు సరిపడే అడాప్టర్. సింగపూర్ పడమటి వైపున్న క్లెమెంటి ఈ చదువుకు బాగా కుదిరిన చోటు. క్లెమెంటి రోడ్డు మీదే సినిమా, మీడియా కోర్సులు నేర్పే నీ ఆన్ పాలిటెక్నిక్ ఉంది, సింగపూర్ యూనివర్సిటీ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఉంది. కెంట్ రిడ్జ్ గుట్ట మీద నేషనల్ యూనివర్సిటీ. 1988లో తెరిచిన మెట్రో స్టేషన్ చుట్టూ ప్రభుత్వ ఫ్లాట్లు, సంత, తిండి కొట్లు. నడిచి పోగలిగినంత దూరంలోనే కథలన్నీ దొరుకుతాయి. మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లిష్ నాలుగూ అధికార భాషలైన దేశం ఇది. ఒకే బల్ల దగ్గర మూడు భాషలు వినబడతాయి. మాట అర్థం కానప్పుడు కళ్లు గట్టిగా పనిచేయాల్సి వస్తుంది. శిక్షణకు అంతకన్నా మేలైన ఇబ్బంది ఏముంటుంది?

అభ్యాసం క్లెమెంటి అవెన్యూ 3లోని హాకర్ సెంటర్‌లో. వీధి కొట్లన్నిటినీ ఒక కప్పు కిందికి తెచ్చిన తిండి బజారు అది. అక్కడ కొపీ, అంటే ఇక్కడి కాఫీ, కాచే మనిషి దగ్గరికి పంపుతాను. ముందు అనుమతి అడగాలి. ఇక్కడ పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అని పిలవడం రివాజు, మన బాబాయ్, పిన్ని లాంటి పిలుపే. రద్దీ తగ్గాక వెళ్లాలి. ఆయన బేరం చెడగొట్టే హక్కు మనకు లేదు.

అనుమతి దొరికాక అయిదు షాట్లు. అమెరికన్ శిక్షకుడు మైకేల్ రోసెన్‌బ్లూమ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొదట చేతులు: మేజోడులా వేలాడే గుడ్డ సంచిలో పొడి, పొడుగు మూతి కెటిల్ నుంచి వేడినీళ్ల ధార. రెండోది ముఖం. మూడోది వైడ్: మనిషి, కొట్టు, ముందున్న వరస అన్నీ కనబడాలి. నాలుగోది ఆయన భుజం మీదుగా, ఆయన చూసేదే మనమూ చూసేలా. అయిదోది ఎవరి కోణం వాళ్లది. ఒక్కో షాట్ పది సెకన్లు, ఫోన్ కదలకూడదు. కొత్తవాళ్లు మూడో సెకనుకే పక్కకు తిప్పేస్తారు. బొమ్మ కదలాల్సిన పని లేదు, బొమ్మలో బతుకు కదులుతోంది కదా! ఈ అయిదూ దొరికితే ఎడిటింగ్ బల్ల మీద కథ తనంతట తానే అతుక్కుంటుంది. చేతుల నుంచి ముఖానికి, ముఖం నుంచి చుట్టూ ఉన్న లోకానికి.

ఆ తర్వాత ధ్వని. ప్లేట్ల చప్పుడు, నూనె సలసల, పిలుపులు. ఇంత రొదలో బైట్, అంటే మనిషి మాట, తీయాలంటే మైకు గడ్డానికి జానెడు లోపే ఉండాలి. బైట్ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ రొదనే విడిగా రికార్డు చేయిస్తాను. ఎడిటింగ్‌లో కోత పడిన చోటల్లా అతుకు కనబడకుండా చేసేది ఆ నిమిషమే. ఇంటి దగ్గర డెస్క్ అడిగేది ఎప్పుడూ రెండే ప్రశ్నలు: విజువల్స్ ఉన్నాయా, బైట్ తీశావా? ఆ ఊరి శబ్దం తెచ్చావా అని కూడా అడిగే రోజు రావాలి.

ఒకసారి ఒక పొడుగాటి కుర్రాడు బల్లలు తుడిచే ముసలావిడను, ఆమె సరేనన్నాకే, వీడియో తీసి తెచ్చాడు. ఫోకస్ బాగుంది, వెలుగు బాగుంది. కానీ నిలబడి, వంగిన ఆమె నడుము మీదుగా కిందికి తీశాడు. తెర మీద ఆవిడ తెల్లజుట్టూ, చేతిలో గుడ్డా తప్ప ఏమీ లేదు. జాలి పుట్టించే బొమ్మే. మనిషి మాత్రం అందులో లేదు. అప్పుడు నేను పస్తాపూర్ కథ చెప్పాను.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసి వచ్చిన పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023 మార్చిలో కన్నుమూశారు. 1990ల చివర అక్కడి మహిళా సంఘాల సభ్యులు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఎక్కువమంది దళిత మహిళలు, కూలి చేసుకుని బతికినవాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు. ఇంగ్లిష్ పేర్లు బట్టీ పట్టే బదులు షాట్లకు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. సంఘంలో అందరూ నేల మీద ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు, చూపులన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. అందుకే కంటి ఎత్తులో తీసేది సంఘం షాట్ అయింది. పైనుంచి పడే చూపు ఎవరిదో, కిందినుంచి ఎత్తే చూపు ఎవరిదో వాళ్లకు కెమెరా రాకముందే తెలుసు.

ఆ మహిళలు వరంగల్ బీటీ పత్తి రైతుల దగ్గరికి నెలనెలా వెళ్లి, విత్తు నాటిన నాటి ఆశనీ పంట చేతికొచ్చిన నాటి లెక్కనీ రికార్డు చేశారు. ఒక్కరోజు బైట్‌తో దొరకని నిజం అది. తర్వాత అదే పత్తి కథ వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా దాకా కెమెరాతో వెళ్లారు. భాష తెలియని దేశంలో వాళ్లకు దారి చూపింది పొలం, పైరు, ఎదుట కూర్చున్న రైతు కళ్లు. విదేశాలకు ప్రయాణం చేసే ప్రతి శిక్షకుడికీ వాళ్లే నిజమైన పెద్దలని నా నమ్మకం.

కుర్రాడు మాట్లాడలేదు. మళ్లీ వెళ్లాడు.

పైనుంచి తీసిన బొమ్మలన్నీ తప్పని కాదు. క్లెమెంటి చరిత్రే అందుకు సాక్ష్యం. 2020 అక్టోబరులో ఇక్కడి అడవి మీద తెల్లవారుజామున పొగమంచు పరుచుకున్న డ్రోన్ దృశ్యాలు ఫేస్‌బుక్‌లో దావానలంలా వ్యాపించాయి. ఒకప్పుడు రబ్బరు తోటలున్న నేల, వదిలేశాక దానంతటదే అడవైంది. దాదాపు 85 హెక్టార్లు, అంటే 210 ఎకరాలు. 1998 నుంచే అది ఇళ్ల కోసం కేటాయించిన స్థలమని చాలామందికి అప్పుడే తెలిసింది. అడవిని కాపాడాలని సంతకాలు సేకరించారు. 2021లో విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. కేటాయింపు మారదనీ, ఇప్పట్లో కట్టాల్సిన అవసరం లేదనీ ప్రభుత్వం చెప్పింది. ఆ డ్రోన్ వీడియో ఒక దేశం చేత తన పటాన్ని మళ్లీ తెరిపించింది.

అడవి పక్కనే పాత రైలు దారి నడక బాటగా మిగిలింది. శిష్యులను అక్కడికి తీసుకెళితే డ్రోన్ ఎగరేద్దామంటారు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను ఈ దేశంలో నమోదు చేయించాలని ముందు చెబుతాను. చట్టం తెలుసుకోవడం కూడా రిపోర్టింగే. ఆ తర్వాత నడవమంటాను. అడవి ఎంత పెద్దదో పైనుంచి తెలుస్తుంది. అది ఎవరికి ఏమవుతుందో తెలియాలంటే బాట మీద నడిచే మనిషి పక్కన నడవాలి. డిజిటల్ పనికీ ఇదే వర్తిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతకడం, నీడను బట్టి వేళ పోల్చడం, దుకాణాల బోర్డులు చదివి చోటు నిర్ధారించడం తప్పక నేర్వాల్సినవే. చివరికి ఆ చోట నిలబడ్డ ఒక మనిషితో మాట్లాడితేనే ఆ పరీక్ష పూర్తవుతుంది.

సాయంత్రం కుర్రాడు రెండో వీడియో చూపించాడు. నేలకు బిగించిన స్టూలు మీద కూర్చుని తీశాడు. బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆవిడ తలెత్తింది, నేరుగా మా వైపు చూసింది, ఏదో అడిగింది. ఏమడిగిందని మాండరిన్ వచ్చిన అమ్మాయిని అడిగాం.

"తిన్నావా అంటోంది" అంది ఆ అమ్మాయి.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న పొద్దుట కూడా ఆవిడ నోట్లోనే ఉండి ఉంటుంది. అది మా దాకా రావడానికి కెమెరా రెండడుగులు కిందికి దిగాల్సి వచ్చింది.