అరమండిని దిద్దే కుంచె

వర్ణకపు పొడిని నీటిలో తేలే పాలిమర్ జిగురుతో కలిపి చేసే యాక్రిలిక్ రంగు, నీరు ఆవిరైన కొద్దిసేపటికే మళ్లీ కరగని పొరగా గట్టిపడుతుంది గనుక, తప్పు దొర్లినచోట దానిపైనే మరో పూత వేసి సరిదిద్దుకునే వెసులుబాటు కొత్తగా కుంచె పట్టినవారికి దక్కుతుంది. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతాల వేసవిలో మాత్రం ఈ గుణమే చిక్కు తెస్తుంది. పళ్లెంలోని రంగు పని ముగియకముందే ఎండిపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా పిండుకొని నీళ్లు చిలకరిస్తూ ఉండాలి.

కూచిపూడి నర్తకి బొమ్మను ముఖంతో మొదలుపెట్టాలన్న ఆశ సహజమే గాని, మేలైన పద్ధతి కాదు. మోకాళ్లను పక్కలకు వంచి సగం కూర్చున్నట్లు నిలిచే అరమండిలో దేహభారం రెండు పాదాల నడుమ నిలుస్తుంది గనుక, మెడ గుంట నుంచి మడమల మధ్యకు దిగే నిలువు గీతను ముందుగా గీసుకోవాలి. అది తప్పితే నగలెన్ని దిద్దినా బొమ్మ ఒరిగినట్లే కనిపిస్తుంది. విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లకు ముందు నడిమి ఛాయ, మడతల లోపల ముదురు ఛాయ, చివరగా అంచులపై లేత ఛాయ వేయాలి. ఆరాక రంగు కాస్త ముదురుతుంది కనుక మొదటే కొంత లేతగా కలుపుకోవాలి. జరీకి బంగారు రంగు సీసా కంటే, గోధుమ వన్నెపై పసుపు గీత, దానిపై తెల్లని చుక్క ఎక్కువగా మెరుస్తాయి.

ఈ ఛాయలను ఇంకా బాగా గ్రహించాలనుకునేవారు ఉప్పల్ మీదుగా సాగే వరంగల్ రహదారి పట్టుకొని వెళితే, ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చూరు కింద నల్లరాతి స్త్రీ మూర్తులైన మదనికలు, రంగు లేకుండానే, వెలుగునీడల పాఠం చెబుతాయి. అక్కడికి వెళ్లేవారు పెన్సిలు, కాగితం వెంట ఉంచుకోవాలి.