త్రాటి గారడి: నిలిచినది త్రాడా, కథయా?

గారడీవాడు ఒక త్రాటిని పైకి విసరును. అది కఱ్ఱవలె నిటారుగా నిలుచును. ఒక బాలుడు దానిపై కెగబ్రాకి మాయమగును. గారడీవాడు కత్తి పట్టుకొని వెంట ఎక్కును; బాలుని అవయవములు తెగి నేలపై పడును. వానిని బుట్టలో వేసి మూత పెట్టగా బాలుడు నవ్వుచు లేచి వచ్చును. "భారతీయ త్రాటి గారడి" అని ప్రపంచమంతట పేరొందిన ఈ విద్య మన పూర్వుల గొప్పతనమునకు నిదర్శనమని మనలో పలువురు నేటికిని చెప్పుకొందురు. కాని దీనినిట్లు ఆరుబయట, నలుగురి నడుమ చేసి చూపిరనుటకు పరీక్షకు నిలువగల సాక్ష్యము లేదు. జరుగని సంగతి ఇంతటి ప్రసిద్ధి నెట్లు పొందినది? 2004లో వెలువడిన పీటర్ లామంట్ గారి 'ది రైజ్ ఆఫ్ ది ఇండియన్ రోప్ ట్రిక్' అను గ్రంథమునకు ఈ ప్రశ్నయే వస్తువు. రచయిత ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకుడు. స్వయముగా ఇంద్రజాలము నెఱిగినవాడు. ఈ రెండు యోగ్యతలును గ్రంథమునకు మేలు చేసినవి.

కథకు జన్మస్థానము మన దేశము కాదు, అమెరికా అని రచయిత వాదము. 1890 ఆగస్టు 8న 'షికాగో ట్రిబ్యూన్' పత్రిక ఒక వింత వార్తను ప్రకటించెను. ఇద్దరు అమెరికను యువకులు భారతదేశములో ఈ గారడిని చూచిరట. ఒకడు బొమ్మ గీసెను. రెండవవాడు ఛాయాచిత్రము తీసెను. బొమ్మలో త్రాడును బాలుడును ఉండిరి. ఛాయాచిత్రములో గారడీవాడు తప్ప మరేమియు లేదు. కావున ప్రేక్షకులందరు వశీకరణమునకు లోనైరని ఆ వార్త సిద్ధాంతము. దీనిని వ్రాసినవాడు జాన్ ఎల్బర్ట్ విల్కీ అను విలేఖరి. ఇది కల్పితమని నాలుగు నెలల తరువాత ఆ పత్రికయే ఒప్పుకొనెను. కాని అప్పటికే కథ దేశదేశములకు ప్రాకిపోయినది. సవరణ అంత దూరము పోలేదు. అబద్ధపు వేగమును, సవరణ నడకను ఇట్లు ప్రక్కప్రక్కన నిలిపి చూపుట ఈ గ్రంథమునందలి మొదటి గుణము.

అయితే ఒక విషయమున రచయితతో కొంతవరకే ఏకీభవింపగలము. పూర్వగాథలను ఈ గారడికి మూలములుగా ఆయన అంగీకరింపడు. ప్రసిద్ధి మాటకు ఇది సరియే. కాని ఊహ మాత్రము షికాగోలో పుట్టినది కాదు. కత్తి, డాలు ధరించి దారము మీదుగా ఆకాశమున కెక్కు మాయావి వేరు, నేలపై నిలిచియున్న నిజమైన మాయావి వేరు అని శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యములో దృష్టాంతము చెప్పియున్నారు. పదునాల్గవ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇట్టి ప్రదర్శనమునే చైనా దేశపు హాంగ్‌చౌ నగరములో చూచితినని వ్రాసెను. ఇవి ప్రదర్శన జరిగినదనుటకు సాక్ష్యములు కావు. ఊహ ప్రాచీనమనుటకు మాత్రము సాక్ష్యములే. ఒక పాత గ్రంథములో ఒక వస్తువు పేరు కనబడగానే ఆ వస్తువు అప్పుడే ఉండెనని వాదించువారు ఈ భేదమును గమనింపవలెను.

మరి, కన్నులార చూచితిమని చెప్పినవారి మాట ఏమి? వారందరు అబద్ధమాడిరా? ఈ ప్రశ్నకు సమాధానము లామంట్ గారు రిచర్డ్ వైజ్‌మన్‌తో కలిసి 1996లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన పరిశోధనలో కలదు. వారు ప్రత్యక్షసాక్షుల కథనములను సేకరించి, ఎంత అద్భుతముగా ఉన్నవో దానినిబట్టి తరగతులుగా విభజించిరి. చూచిన నాటికిని చెప్పిన నాటికిని నడుమ గడచిన కాలమును లెక్కించిరి. కాలము పెరిగినకొలది అద్భుతమును పెరిగినట్లు తేలినది. జ్ఞాపకము ఛాయాచిత్రము వంటిది కాదు. తలచుకొనినప్పుడెల్ల మనస్సు దానిని తిరిగి కట్టుకొనును. గడపై ఎక్కి సాము చేసిన బాలుడు కొన్ని యేండ్లకు త్రాటిపై ఎక్కినవాడుగా మారవచ్చును. సాక్షి నిజాయితీపరుడైనంత మాత్రమున సాక్ష్యము నిజము కానక్కరలేదు. లండనులోని ఇంద్రజాలికుల సంఘమైన మేజిక్ సర్కిల్ 1930ల దశకములో ఈ గారడిని చేసి చూపినవారికి 500 గినీల బహుమానము ప్రకటించెను. అది ఎవరికిని దక్కలేదు.

ఈ గ్రంథములో మాకు కొరతగా తోచినది ఒకటి కలదు. దీని దృష్టి బ్రిటను, అమెరికాల పత్రికల మీదను, ప్రేక్షకుల మీదను నిలిచినంతగా మన గారడీవాండ్ర మీద నిలువలేదు. లేని గారడికి వచ్చిన కీర్తి, ఉన్న గారడీలకు రాలేదు. 1830ల ప్రాంతమున మద్రాసులో శేషాలు అను నతడు ఒక చేతిని మాత్రము కఱ్ఱకు ఆనించి గాలిలో కూర్చుండి చూపెను. సహాయకులు కంబళి అడ్డముగా పట్టినప్పుడు ఆసనము అమర్చుకొనును. కఱ్ఱ నుండి అంగీ చేతిలోపలగా పోయి దేహము క్రింది ఆసనమును మోయు ఇనుప కమ్మియే దాని రహస్యము. ఇందులో మంత్రము లేదు. భారము ఎట్లు నిలుచునో ఎఱిగిన చక్కని యంత్రజ్ఞత కలదు. వీధిలో గుడ్డ క్రింద మామిడి టెంకను మొలకెత్తించువాడును, మూడు గిన్నెల క్రింద బంతులను మార్చువాడును వేదిక లేకుండ, చుట్టును జనము మూగియుండగా చేయుదురు. చేతివాటము, మాటల నేర్పు, ప్రేక్షకుని చూపును ప్రక్కకు మరల్చు మెలకువ వారి సాధనములు. నిజమైన విద్య ఇది. దీనిని విడిచి, కల్పితమైన త్రాటిని మన ప్రతిష్ఠగా పట్టుకొనుట ఆ కళాకారులకు చేయు అన్యాయము.

గ్రంథము సులభ శైలిలో, హాస్యముతో సాగును. ఆంగ్లము చదువగల పై తరగతుల విద్యార్థులకును ఉపాధ్యాయులకును ఇది మిక్కిలి ఉపయోగించును. ఇందలి పద్ధతిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఉపాధ్యాయుడు ఒక చిన్న నాణెపు గారడి చేసి చూపి, చూచినది చూచినట్లు విద్యార్థులచే వెంటనే వ్రాయించి కాగితములను భద్రపరుపవలెను. నెల గడచిన తరువాత అదే సంగతిని మరల వ్రాయించి రెండింటిని సరిపోల్చవలెను. ఏయే వివరములు జారిపోయినవో, ఏవి క్రొత్తగా చేరినవో విద్యార్థులే గుర్తింతురు.